వానాకాలం ధరలు: నెల సరుకులు నెలాఖరు దాకా లాగడం ఎలా?

తవ్వెడు_బియ్యం (చర్చ మొదలు)

నలుగురుండే ఇల్లు అనుకుందాం. ఇద్దరు పెద్దలు, ఇద్దరు బడిపిల్లలు. రెండు పూటలా అన్నం, వారంలో నాలుగైదు రోజులు టిఫిను ఇంట్లోనే. నెలకి బియ్యం 25 కిలోలు, కందిపప్పు 4, మినప్పప్పు 2, నూనె 4 లీటర్లు, చింతపండు ముప్పావు కిలో, టమాటా 8 కిలోలు, ఉల్లిపాయలు 7 కిలోలు పడుతున్నాయి. జూలైలో టమాటా, దసరా దీపావళి మధ్య ఉల్లి కొండెక్కడం దాదాపు ఏటా చూస్తున్నదే. ఈ జాబితాలో ఎక్కడ కోత పెట్టొచ్చు, ఎక్కడ పెట్టకూడదు? "దుబారా తగ్గించండి" లాంటి సలహాలు వద్దు. గ్రాముల్లో, చెంచాల్లో చెప్పండి.

కిరాణా_లెక్క

జాబితా చూడగానే కంట్లో పడేది నూనె. నలుగురికి 4 లీటర్లు ఎక్కువ. మనిషికి నెలకి 600 మి.లీ. చొప్పున రెండున్నర లీటర్లతో పిండివంటలు లేని నెల సుఖంగా గడుస్తుంది.

ఎక్కడ పోతోందంటే వంపడంలో. క్యాను నుంచి నేరుగా బాణలిలోకి పోస్తే "కాస్త" అనుకున్నది 40 మి.లీ. దాకా ఉంటుంది. పప్పు పోపుకి రెండు టీచెంచాలు, అంటే 10 మి.లీ. చాలు. అరకిలో వేపుడుకి మూడు టేబుల్ చెంచాలు. ఒకటో తారీఖున నెల నూనెని నాలుగు సీసాల్లోకి, సీసాకి 600 మి.లీ. చొప్పున పోసి పెట్టుకుని వారానికి ఒకటి తీయండి. మూడో వారంలోనే నాలుగో సీసా మూత తీయాల్సి వస్తే ఎక్కడ ఎక్కువ పోస్తున్నారో మీకే తెలుస్తుంది.

రెండో సంగతి ప్యాకెట్. "లీటరు ప్యాకెట్" అని అలవాటుగా తెచ్చుకునేదాన్ని వెనక్కి తిప్పి చూడండి. లీటరు పొద్దుతిరుగుడు నూనె తూకం 910 గ్రాములు. అదే ఎత్తు, అదే వెడల్పు సంచిలో 850, 800, 750 గ్రాములవి కూడా పక్కపక్కనే పేర్చి ఉంటాయి. ఉదాహరణకి 910 గ్రాములది 150 రూపాయలు, 800 గ్రాములది 138 రూపాయలు అనుకోండి. చెయ్యి 138 దాని మీదకే పోతుంది. లెక్క కడితే మొదటిది కిలో 165, రెండోది 172.50. ఎమ్మార్పీ పక్కన గ్రాముకి ఎంత పడుతుందో చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తారు, చూడాల్సింది ఆ అంకెని.

పోపులడబ్బా

నూనె సంగతి కిరాణా_లెక్క గారు చెప్పారు, నేను పప్పు దగ్గరికొస్తా. పప్పు తగ్గించకండి, మార్చండి. 4 కిలోలంటే మనిషికి రోజుకి 33 గ్రాములు. గుడ్డు, మాంసం అరుదుగా వండే ఇంట్లో పిల్లలకి మాంసకృత్తులు వచ్చేదే అక్కడ. కోసేస్తే ఆ లోటు సరుకుల ఖాతాలో కనబడదు.

కంది, పెసర, మైసూరు పప్పు (ఎర్రపప్పు) మూడూ వాడుకోవచ్చు గానీ ఒకదాని బదులు ఒకటి గుడ్డిగా వేస్తే వంట చెడుతుంది.

పాలకూర, తోటకూర, బీరకాయ, సొరకాయ పప్పుల్లో సగం కంది సగం పెసర వేయొచ్చు, తేడా తెలియదు. పెసర త్వరగా ఉడుకుతుంది కాబట్టి కందిని ముప్పావుగంట ముందే నానబెట్టండి, రెండూ ఒకే కూతల్లో మెత్తబడతాయి. సాంబారులో మాత్రం పెసర మూడో వంతు దాటకూడదు. దాటితే పొయ్యి మీద బాగానే ఉంటుంది, గంట తర్వాత చూస్తే గరిట నిలబడేంత ముద్ద. నలుగురి సాంబారుకి 70 గ్రాముల కంది, 30 గ్రాముల పెసర, 150 గ్రాముల తియ్య గుమ్మడి ముక్క వేసి మెదిపితే చిక్కదనం సరిపోతుంది. మైసూరు పప్పు చారుకట్టుకీ ఆకుకూర పప్పుకీ బాగుంటుంది. మామిడికాయ పప్పులో వేస్తే జావైపోతుంది.

ముద్దపప్పులో మాత్రం ఏమీ కలపొద్దు. ఆవకాయ పక్కన పెసర కలిపిన ముద్దపప్పు పెట్టడం కంటే ఆ పూట చారన్నం తినడం మేలు.

ఇంకోటి ఉలవలు. పావుకిలో ఉలవలు రాత్రి నానబెట్టి లీటరున్నర నీళ్ళతో ఉడికిస్తే కట్టు చారుకి, గింజలు గుగ్గిళ్ళకి. ఒకే గ్యాసుతో రెండు వంటకాలు.

బోరునీళ్ళు

పప్పు ఎన్ని కూతలు పెట్టినా పలుకుగానే ఉంటోంది. నాలుగు నెలల కింద కొన్న పప్పు. పాతబడితే ఇంతేనా?

పోపులడబ్బా

పాతదైతే కొంత నిజమే. పేరును బట్టి చూస్తే అసలు దొంగ బోరునీళ్ళే అనిపిస్తోంది. సున్నం ఎక్కువున్న నీళ్ళలో కందిపప్పు మెత్తబడదు. నానబెట్టడానికీ ఉడికించడానికీ తాగే నీళ్ళు వాడి చూడండి. చింతపండు, టమాటా, మామిడికాయ ఏదైనా పప్పు మెదిగాకే పడాలి. పులుపు ముందు పడిందా, ఇంకో అయిదు కూతల గ్యాసు దండగ.

పప్పు మరీ చవగ్గా దొరికితే ఒక గుప్పెడు తెల్ల కాగితం మీద పోసి చూడండి. కంది బద్ద గుండ్రంగా, ఒక పక్క ఉబ్బుగా ఉంటుంది. కేసరి పప్పు గొడ్డలి అంచులా పలకలు పలకలుగా, ఒకవైపు ఏటవాలుగా ఉంటుంది. అది కలిసిన పప్పు ఎంత చవకైనా వద్దు, రోజూ తింటే కాళ్ళు చచ్చుబడే జబ్బు వస్తుంది.

సిద్దిపేట_వంటిల్లు

బియ్యం ముచ్చట ఎవరూ తీస్తలేరు. తెలంగాణల 2025 ఏప్రిల్ నుంచి రేషన్ కార్డు మీద మనిషికి 6 కిలోల సన్నబియ్యమే ఇస్తున్నరు. నలుగురికి 24 కిలోలు, అంటే మీ జాబితాల బియ్యం ఖర్చు దాదాపు మొత్తం పోతది. కార్డుండి కూడా తెచ్చుకోక, అయినకాడికి అమ్ముకొని దుకాణంల అదే తీరు బియ్యం కొనుడు ఏం లెక్కనో అర్థం కాదు.

దొడ్డుబియ్యం ఇచ్చే కాడ అన్నం నచ్చకపోతే దోసెలకు వాడుండ్రి. నాలుగు గ్లాసుల దొడ్డుబియ్యం, ఒక గ్లాసు మినపగుండ్లు, చెంచెడు మెంతులు, రుబ్బేటప్పుడు అర గ్లాసు నానిన అటుకులు. మామూలుగ మూడుకు ఒకటి పోస్తరు. మెంతులు, అటుకులు ఉంటే నాలుగుకు ఒకటి సరిపోతది, నెలకు అరకిలో మినపప్పు మిగులుతది. ఎండకాలం పిండి ఆరు గంటల్లనే పొంగుతది, అప్పుడే ఫ్రిజ్‌ల పెట్టాలె. పులిసిన పిండి పారబోయొద్దు, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, రెండు చెంచాల రవ్వ కలిపి పునుగులు పోసుకోవచ్చు.

పప్పు లేని పూటకు పచ్చిపులుసు ఉండనే ఉన్నది. నిమ్మకాయంత చింతపండు, లీటరు నీళ్ళు, ఒక ఉల్లిగడ్డ, కాల్చిన పచ్చిమిర్చి, కొంచెం నువ్వుల పొడి. మిర్చి కాల్చుడు తప్ప పొయ్యితోని పని లేదు.

గాలివాన

రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ గింజలు కలుపుతున్నారట కదా? కడిగేటప్పుడు కొన్ని తేలుతున్నాయి, రంగు కూడా వేరే. అవి ఏరేసి వండుకోవాలా?

సిద్దిపేట_వంటిల్లు

ఏరెయ్యకుండ్రి. అవి పోషకాలు కలిపిన గింజలు. బియ్యప్పిండిల ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి మళ్ళ బియ్యపుగింజ తీరు అచ్చు వేస్తరు. వంద కిలోలకు ఒక కిలో చొప్పున కలుస్తయి. జర పసుపుపచ్చగ ఉంటయి, కొన్ని తేలుతయి, అంతే. అవి ఏరి పారేస్తే పైసలు పెట్టి కలిపిందే పారేసినట్టు. ఒకటి రెండు సార్లు కడిగితే చాలు, గంజి వార్చకుండ అత్తెసరు పెట్టుండ్రి.

మదనపల్లి_సంత

టమాటా గురించి. 2023 జూలై ఆఖరున మదనపల్లె మార్కెట్లోనే మొదటి రకం కిలో 200 రూపాయల దగ్గరికి పోయింది. రాష్ట్ర ప్రభుత్వం రైతుబజార్లలో 50 రూపాయలకి అమ్మించింది. సెప్టెంబరుకల్లా ధర కుప్పకూలింది. రేటు చూసి నాటిన మొక్క రెండు రెండున్నర నెలల్లో కాపుకొస్తుంది, అందరి పంటా ఒకేసారి దిగుతుంది. అందుకే ఈ మంట ఆరేడు వారాలకి మించి ఉండటం అరుదు. ఆ ఆరు వారాలు గడిపే ఏర్పాటు చాలు, ఏడాదికి సరిపడా కంగారు అక్కర్లేదు.

ఏర్పాటు ఎండాకాలంలో కాయ చవగ్గా ఉన్నప్పుడే జరగాలి: ఒరుగులు. గట్టిగా, ఎర్రగా పండిన కాయలు 10 కిలోలు. నాటు కాయ కంటే కండ ఎక్కువున్న హైబ్రిడ్ కాయ దీనికి నయం. అర సెంటీమీటరు మందాన చక్రాలు కోసి, పావుకిలో ఉప్పు చల్లి గంట వంపుగా ఉంచితే నీరు కారుతుంది. ఆ నీళ్ళు పారబోయకండి, ఆ పూట చారులోకి పోసుకుని ఉప్పు తగ్గించండి. చక్రాలు ఒకదాని మీద ఒకటి పడకుండా బట్ట మీద పరిచి మూడు నాలుగు ఎండలు, మధ్యలో ఒకసారి తిప్పాలి. విరిస్తే టక్కున విరగాలి. వంగుతోందంటే లోపల తడి ఉన్నట్టే, డబ్బాలో పెట్టిన పదిరోజులకి నల్ల బూజు పడుతుంది. చివరికి మిగిలేది 700, 800 గ్రాములు. వంటలో 20 గ్రాముల ఒరుగులు సుమారు పావుకిలో పచ్చి టమాటాకి సమానం. వేణ్ణీళ్ళలో పావుగంట నానితే చాలు, ఉప్పు మాత్రం రుచి చూసి వేయండి.

ఒరుగులు లేనివాళ్ళకి: పప్పులో టమాటా బదులు చుక్కకూర గానీ గోంగూర గానీ. ఈ కాలంలో వాక్కాయలు కూడా వస్తాయి, పప్పులో పది కాయలు చాలు, గింజ తీయకపోతే వగరు. కూర గ్రేవీకి పావుకిలో టమాటా స్థానంలో 150 గ్రాముల సొరకాయ ఉడికించి రుబ్బి, 10 గ్రాముల చింతపండు రసం, చిటికెడు బెల్లం. రంగు కావాలంటే బ్యాడిగి మిరపకాయలు రెండు నానబెట్టి దాంతోపాటే రుబ్బండి.

ఉప్పు_చింతపండు

అసలు మాట ఇంకా రాలేదు. నెల నెలా కొనడమే నష్టం. మాఘ ఫాల్గుణాల్లో కొత్త కందులు, ఆ వెంటే చింతపండు, మిర్చి దిగుతాయి. ఏడాది సరుకు అప్పుడే వేసుకుంటే జూలైలో ఎవడి ధరతో మనకేం పని? పాత బియ్యం ఒదుగుతుంది కూడా. కొత్త బియ్యం గ్లాసుకి రెండు గ్లాసుల నీళ్ళు పోస్తే ముద్దయ్యేది, ఆరేడు నెలలు ఆగితే రెండున్నర తాగుతుంది. అదే గ్లాసుకి ఇంకొకరికి సరిపడా అన్నం లేస్తుంది.

కిరాణా_లెక్క

ఉప్పు_చింతపండు గారూ, పెంకుటింట్లో, గాదె ఉన్న రోజుల్లో సరే. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో రెండు గదుల ఫ్లాట్‌లో ఏడాది పప్పు పోస్తే ఆగస్టుకి సగం పుచ్చు. అయిదు శాతం చవగ్గా కొని పది శాతం పారబోస్తే లాభం ఎక్కడ? అప్పు తెచ్చి నిల్వ పెట్టడం ఇంకా ఘోరం. నెలకి నూటికి రెండు రూపాయల వడ్డీ ఆరు నెలలకి పన్నెండు. పంట మీద మిగిల్చింది వడ్డీకే పోతుంది.

ఉప్పు_చింతపండు

అప్పు చేయమనలేదు నాయనా. పప్పు సంగతి ఒప్పుకుంటా. అయితే అన్నిటినీ ఒకే గాటన కట్టొద్దు. ఏడాదికి కొనదగ్గవి చింతపండు, మిరపకాయలు, పసుపు. మూడు నెలలకి పప్పులు, బియ్యం. నూనె, రవ్వ, పిండ్లు ఏ నెలకి ఆ నెల.

చింతపండు గింజ, ఈనె, పెంకు తీసి ఒక ఎండ చూపించి, కిలోకి 75 గ్రాముల రాళ్ళ ఉప్పు పొరలు పొరలుగా వేసి జాడీలో గట్టిగా నొక్కాలి. గాలి ఉన్నచోటే పురుగు. స్టీలు, అల్యూమినియం డబ్బాల్లో వద్దు, తినేస్తుంది. మిరపకాయలు తొడిమలతోనే ఎండబెట్టి కాయలుగానే దాచి, మూడు నెలలకోసారి తొడిమలు తీసి కారం పట్టించుకోండి. ఒకేసారి పట్టిస్తే ఆరో నెలకి రంగు ఇటుక పొడే.

గాలివాన

పురుగు పట్టకుండా బియ్యంలో ఏం వేయాలి? దుకాణాల్లో పాదరసం గోళీలు, బోరిక్ పొడి అమ్ముతున్నారు.

కొలత_చెంబు

రెండూ వద్దు. పాదరసం విషం, గోళీ చిట్లితే బియ్యం మొత్తం పారేయాలి. బోరిక్ కడిగినా పూర్తిగా పోతుందన్న నమ్మకం లేదు. గోదాముల్లో వాడే బిళ్ళలు అంతకంటే ప్రమాదం, తడి తగిలితే వచ్చే గ్యాసు మూసిన గదిలో మనుషుల ప్రాణం తీస్తుంది. ఇంట్లోకే రానివ్వకండి.

కందిపప్పుకి కిలోకి ఒక టీచెంచా ఆముదం అరచేతిలో వేసుకుని పప్పంతా రుద్దాలి. ప్రతి బద్దా మెరవాలి గానీ జిడ్డు కారకూడదు. వండే ముందు గోరువెచ్చని నీళ్ళతో రెండుసార్లు కడిగితే వాసన రాదు. పుచ్చు పురుగు గుడ్లు పెట్టేది ఎక్కువగా గుండు గింజల మీద. అందుకే గుండు పెసలు, అలసందలు, శనగలు ఎక్కువ కొనకండి, పప్పు చేసినవే నయం. రవ్వ, శనగపిండి తెచ్చిన రోజే గాలి చొరని డబ్బాలో పెట్టి నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్లో ఉంచితే గుడ్లు చస్తాయి. తీశాక డబ్బా గది వేడికి వచ్చేదాకా మూత తీయొద్దు. తీస్తే లోపల చెమ్మ పట్టి ఉండకడుతుంది.

బియ్యం మాత్రం మిట్టమధ్యాహ్నపు ఎండలో పోయొద్దు. గింజ నెర్రెలిచ్చి వండేటప్పుడు నూకవుతుంది. నీడలో బట్ట మీద ఆరబోస్తే ముక్కపురుగు దానంతటదే పాకిపోతుంది.

డాలస్_పెరుగన్నం

బయటి దేశాల వాళ్ళ కోసం ఒక ముక్క. 2023 జూలై 20న మన దేశం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపినప్పుడు అమెరికా ఇండియన్ స్టోర్లలో సోనామసూరి కోసం వరసలు కట్టారు, ఇంటికి ఒకే సంచి అన్నారు. ఆ నిషేధం 2024 సెప్టెంబరు ఆఖర్లో ఎత్తేశారు. మళ్ళీ అలాంటిది వస్తే థాయ్ జాస్మిన్ బియ్యం ఎక్కడైనా దొరుకుతుంది. నీళ్ళు సోనామసూరికి పోసినంత పోయకండి, కుక్కరులో కప్పుకి ఒకటింబావు కప్పు చాలు. పెరుగన్నానికి, పొంగలికి బ్రహ్మాండం. పులిహోరకి పనికిరాదు, అంటుకుపోతుంది. దానికి బాస్మతి ముక్కలు నయం, వాసన పోపులో కలిసిపోతుంది.

బెజవాడ_అటక

ధర కాదు, సరుకే దొరకని రోజులు కూడా ఉంటాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను అప్పుడు విశాఖలో, 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు ఇక్కడ బెజవాడలో డబ్బున్నా పాల ప్యాకెట్ దొరకలేదు. కోస్తాలో ఉండేవాళ్ళు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పొయ్యి అక్కర్లేని అయిదు రోజుల సరుకు విడిగా పెట్టుకోండి. నలుగురికి అటుకులు 3 కిలోలు, పుట్నాలు కిలో, బెల్లం కిలో, పాలపొడి అరకిలో, మరమరాలు, ఒక సీసా పచ్చడి. తాగే నీళ్ళు మనిషికి రోజుకి 3 లీటర్ల చొప్పున 60 లీటర్లు. డిసెంబరు దాటాక అటుకులు ఉప్మాకి, పుట్నాలు చట్నీకి వాడేయండి, దండగ ఉండదు.

అన్నీ అటక మీదే. కింద ఇంట్లో బియ్యం బస్తా నేల మీద ఉంటే మొదట మునిగేది అదే. వరద నీళ్ళు తాకిన బియ్యం ఎండబెట్టి వండాలని చూడకండి, అందులో మురుగు కలిసి ఉంటుంది.

తవ్వెడు_బియ్యం

అందరికీ దండాలు. జాబితా ఇలా మార్చాను: బియ్యం 25 అలాగే, అందులో దోసెలకి 5 కిలోలు దొడ్డువి. కంది 2, పెసర ఒకటి, మైసూరు పప్పు అరకిలో, ఉలవలు అరకిలో. మినప్పప్పు ఒకటిన్నర. నూనె రెండున్నర లీటర్లు. టమాటా 3 కిలోలు. ఉల్లిపాయలు 5. చింతపండు ముప్పావు కిలో అలాగే. ఏమైనా తేడా ఉందా?

పోపులడబ్బా

రెండు ఉన్నాయి. టమాటా 8 నుంచి 3కి దించి చింతపండు పెంచకపోతే ఎలా? అయిదు కిలోల టమాటా పులుపు ఎక్కణ్ణుంచో రావాలి కదా. గోంగూర, చుక్కకూర వారానికి రెండుసార్లు వండినా ఇంకో పావుకిలో చింతపండు పడుతుంది. కిలో రాసుకోండి. ఒకసారి పిసికిన పిప్పి పారేయకండి, అరకప్పు వేణ్ణీళ్ళు పోసి పదినిమిషాలాగితే రెండో రసం చారుకి వస్తుంది. ఆ తర్వాతి పిప్పి ఇత్తడి చెంబులు తోమడానికి.

రెండోది ఉల్లి. 5 కిలోలు ఒకేసారి తెస్తున్నారా? వానాకాలం పంట ఉల్లి మెడ లావుగా, పచ్చిగా ఉంటుంది, రెండు వారాలు దాటితే కుళ్ళు. దాన్ని వారానికి కిలో, కిలోంబావు చొప్పునే కొనండి. వేసవిలో వచ్చే మెడ సన్నటి ఎండు ఉల్లి అయితే నెల సరుకు తెచ్చుకోవచ్చు. బంగాళాదుంపల బుట్టలో మాత్రం కలపకండి, రెండూ మొలకలేస్తాయి.

తవ్వెడు_బియ్యం

ఒకేసారే తెస్తున్నా. ఇప్పుడే బుట్ట తిరగేసి చూస్తే అడుగున నాలుగు మెత్తబడ్డాయి. మిగతావి విడిగా పరిచాను. మెత్తబడ్డవాటిలో బాగున్న పొరలు పనికొస్తాయా?

పోపులడబ్బా

పై పొర మాత్రమే చెడి, లోపల గట్టిగా ఉండి, వాసన లేకపోతే ఆ పూటకే కోసి వేయించేయండి. మెడ దగ్గర నొక్కితే నీళ్ళు ఊరుతుంటే కుండీలో ఎరువుకి.